సంగిడి రాయి నుంచి డెడ్‌లిఫ్ట్ దాకా

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మాదాపూర్ చుట్టుపక్కల ఎటు చూసినా గుట్టలే, గుండ్లే. దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసున్న దక్కన్ గ్రానైట్ అది. సుత్తులతో, గునపాలతో ఆ రాయిని పగలగొట్టి నేల చదును చేసినవాళ్లు వడ్డెరలు, పాలమూరు వలస కూలీలు. ఆ నేల మీద లేచిన అద్దాల మేడల్లో ఇప్పుడు లక్షలమంది రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేస్తున్నారు. వాళ్లలో కొందరు లాగౌట్ అయ్యాక కొండాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏదో ఒక జిమ్‌లో ఇనుప బార్ ముందు నిలబడతారు. నెలల తరబడి సాధన చేసి, సొంత డబ్బుతో ఫీజు కట్టి, ఒక ఆదివారం పవర్‌లిఫ్టింగ్ మీట్‌లో దిగుతారు. గెలిస్తే ఒక పతకం, ఒక సర్టిఫికెట్. ఉద్యోగంలో దానివల్ల ఒక్క రూపాయి పెరగదు.

మరి ఎందుకు దిగుతున్నారు? జవాబు కావాలంటే తెలుగు నేల మీద బరువెత్తడం అనే పనికి ఉన్న చరిత్రనంతా ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి. ఒకప్పుడు ఊరందరిదీ అయిన బలపరీక్ష క్రమంగా కొద్దిమంది మహాబలుల ప్రదర్శనగా మారింది, ఆ తర్వాత పతకాల వేటగా మారింది. ఇప్పుడు మళ్లీ మామూలు మనుషుల చేతికి వస్తోంది. ఈ ఐటీ ప్రాంతమైన సైబరాబాద్‌లోని ఔత్సాహిక పోటీలను నేను ఈ వరసలోనే చూస్తాను.

ఊరి రాయి, తాలీం మట్టి

తెలుగు పల్లెల్లో బలానికి కొలమానం ఊరి మధ్యలోనే ఉండేది. రచ్చబండ దగ్గరో గుడి ముందో ఒక గుండ్రాయి పడి ఉండేది. ఉత్తరాంధ్రలో సంక్రాంతికి సంగిడి రాళ్లు ఎత్తేవారు. రాయలసీమలో, పాలమూరు వైపు పండగలకీ జాతరలకీ గుండ్లు, బండి ఇరుసులు ఎత్తే పోటీలు పెట్టేవారు. ఈ పోటీలు ఇప్పటికీ చాలాచోట్ల సాగుతున్నాయి. వాటిలో దిగేది వృత్తి క్రీడాకారులు కారు. పొద్దున నాగలి పట్టినవాడే సాయంత్రం గుండు ముందు నిలబడతాడు. రాయిని మోకాలి దాకా తెచ్చినవాడెవడు, భుజం మీదికి ఎక్కించినవాడెవడు, వెనక్కి పడేసినవాడెవడు అన్నది ఊరంతా చూసి తేలుస్తుంది.

హైదరాబాద్‌లో ఆ పని తాలీంఖానాలు చేశాయి. పాతబస్తీ పహిల్వాన్లు మట్టిలో కుస్తీ పట్టారు, వందల కొద్దీ దండాలు, బస్కీలు తీశారు, ముద్గరాలు తిప్పారు. ఉస్తాద్ దగ్గర శిష్యరికం చేయడం, తిండి విషయంలో నియమం, గోదాలోకి దిగే ముందు మట్టికి మొక్కడం అక్కడి క్రమశిక్షణ. అదే నగరంలో ఇంకో రకం బలం కూడా ఉండేది. బేగంబజార్, మలక్‌పేట మార్కెట్లలో హమాలీలు క్వింటాలు బస్తాను వీపు మీద వేసుకుని రోజుకు ఎన్నిసార్లు మోసేవారో లెక్క పెట్టినవారు లేరు. వాళ్ల బలానికి చప్పట్లు లేవు, కూలి మాత్రమే ఉంది. బలం గురించి రాసేటప్పుడు వీళ్లను వదిలేస్తే అది సగం చరిత్రే అవుతుంది.

కోడి రామమూర్తి శకం

ఇరవయ్యో శతాబ్ది మొదట్లో బలం రంగస్థలం ఎక్కింది. జర్మనీలో పుట్టి లండన్‌లో పేరు తెచ్చుకున్న యూజెన్ శాండో 1904–05లో మన దేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు దాదాపు అదే కాలంలో విజయనగరంలో వ్యాయామం నేర్పుతూ, తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి దేశాన్ని ఆశ్చర్యపరిచాడు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవాడు. రెండు వైపులా రెండు కార్లను కట్టి, అవి కదలకుండా పట్టి ఆపేవాడు. ఛాతీ మీద పలక పెట్టించుకుని ఏనుగును నడిపించుకునేవాడు. జనం కలియుగ భీముడన్నారు, తెల్లదొరలు ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశాడు. విశాఖ సముద్ర తీరాన ఆయన విగ్రహం నేటికీ ఉంది.

రామమూర్తి తెలుగువాళ్లకు ఇచ్చింది గర్వం. పరాయి పాలనలో, భారతీయులు బలహీనులని దొరలు రాసుకుంటున్న కాలంలో, ఆయన వేదిక మీద తెంచిన గొలుసుకు జనం ఇంకో అర్థం చెప్పుకున్నారంటే ఆశ్చర్యం లేదు. అయితే దీనికి ఒక మూల్యం కూడా ఉంది. బలం అంటే దేవుడు ఎవరో ఒకరికి ఇచ్చిన వరమనే నమ్మకం నాటుకుంది. ఊరి రాయి ముందు అందరూ నిలబడేవారు. సర్కస్ డేరాలో ఒక్కడు నిలబడితే మిగతావారంతా టికెట్ కొనుక్కుని కూర్చున్నారు.

ఆ తర్వాతి తరం వీరుడు కృష్ణా జిల్లాకు చెందిన దండమూడి రాజగోపాలరావు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ హెవీవెయిట్ విభాగంలో పోటీపడ్డాడు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో కాంస్యం సాధించాడు. 1963లో వచ్చిన నర్తనశాల సినిమాలో భీముడిగా కనిపించింది ఆయనే. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. రామమూర్తి నుంచి రాజగోపాలరావుకు వచ్చేసరికి ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. గొలుసు ఎంత లావుందో చూసేవారి నమ్మకం మీద ఆధారపడుతుంది. బార్ మీద ఎన్ని కిలోలున్నాయో ప్రపంచమంతా ఒకేలా లెక్కపెడుతుంది.

మూడు లిఫ్టులు వేరుపడ్డ కథ

అప్పటి వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అని మూడు అంశాలుండేవి. ప్రెస్‌లో లిఫ్టర్లు నడుమును విపరీతంగా వెనక్కి వంచేయడంతో తీర్పు చెప్పడం కష్టమై, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత దాన్ని తీసేశారు. సరిగ్గా అదే ఏడాది అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య పుట్టింది. అమెరికా జిమ్‌లలో లిఫ్టర్లు చాలాకాలంగా సరదాకి పోటీపడే స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ అప్పటికే పవర్‌లిఫ్టింగ్ అనే ఆటగా కుదురుకున్నాయి. 1965లో పెన్సిల్వేనియాలోని యార్క్‌లో అమెరికా జాతీయ పోటీలు, 1971లో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. 1980లో మహిళలకు ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్‌లో ఆడవాళ్లకు చోటు దక్కడానికి ఆ తర్వాత ఇరవై ఏళ్లు పట్టింది.

పవర్‌లిఫ్టింగ్ ఒలింపిక్ క్రీడ కాదు. 1981 నుంచి వరల్డ్ గేమ్స్‌లో ఉంది. వికలాంగుల పారాలింపిక్స్‌లో బెంచ్ ప్రెస్ ఒక్కటే పవర్‌లిఫ్టింగ్ పేరుతో ఆడిస్తారు. 2004 ఏథెన్స్‌లో పంజాబ్‌కు చెందిన రాజిందర్ సింగ్ రహేలు అందులోనే కాంస్యం తెచ్చాడు. మన దగ్గర ఈ ఆట రైల్వేలు, సింగరేణి వంటి బొగ్గు సంస్థలు, యూనివర్సిటీల అంతర్ కళాశాలల పోటీల ద్వారా వేళ్లూనింది. చేనేతకు పేరున్న మంగళగిరి ఈ ఆటకూ ఒక కేంద్రమైంది. అక్కడి నుంచి షేక్ సాదియా అల్మాస్ లాంటి అమ్మాయిలు ఆసియా స్థాయికి వెళ్లి పతకాలు తెచ్చారు.

ఇంకో మలుపు 2012లో వచ్చింది. అంతకుముందు పెద్ద పోటీల్లో బిగుతైన స్క్వాట్ సూట్లు, బెంచ్ షర్టులు తొడుక్కునేవారు. వాటి ఖరీదు ఎక్కువ, తొడగడానికే ఇద్దరు మనుషులు కావాలి. 2012లో స్టాక్‌హోమ్‌లో అవేవీ లేని క్లాసిక్ పద్ధతిలో ప్రపంచ కప్ పెట్టారు, మరుసటి ఏడాది నుంచి క్లాసిక్ ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. సింగ్లెట్, బెల్టు, మోకాళ్లకు స్లీవ్స్, మణికట్టుకు రాప్స్ ఉంటే చాలు. సామాన్యుడికి తలుపు తెరిచింది ఈ మార్పే.

ఆమదాలవలస నుంచి సిడ్నీ

2000 సెప్టెంబరు 19ని తెలుగువాళ్లు మరచిపోకూడదు. సిడ్నీలో మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో తొలిసారి ఆడించారు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్లింది. లేస్తే స్వర్ణం, లేవకపోతే కాంస్యం. బరువు లేవలేదు. పైనున్న ఇద్దరూ 242.5 కిలోలతో సమానంగా నిలిస్తే తక్కువ శరీర బరువున్న చైనా అమ్మాయి లిన్ వైనింగ్‌కు స్వర్ణం దక్కింది. మూడో ప్రయత్నానికి ఎంత అడగాలన్నది చేతుల బలం కన్నా పెద్ద నిర్ణయమని ప్రతి లిఫ్టరూ ఆ రోజు నుంచి నేర్చుకోవాలి.

శ్రీకాకుళంలో ఆమెకు తొలి గురువు నీలంశెట్టి అప్పన్న. ఇలాంటి గురువులు, చిన్న ఊళ్ల జిమ్‌లు లేకపోతే తెలుగు వెయిట్‌లిఫ్టింగ్ లేదు. విజయనగరం జిల్లా కొండవెలగాడ ఒక్క ఊరే లిఫ్టర్ల ఊరైంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ఆ ఊరి మత్స సంతోషి సాధించిన కాంస్యం, స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో రజతమైంది. స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ హైదరాబాద్ శివార్లలోని హకీంపేట క్రీడా పాఠశాలలో చేరి ఎదిగాడు. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలతో స్వర్ణం గెలిచాడు. బ్రిటిష్ పాలకులు నేరస్తుల ఊరని ముద్ర వేసిన చోటు నుంచి వచ్చిన స్వర్ణం అది.

ఈ దశలో బలం ఒక మెట్టు. పేద ఇంటి పిల్లలకు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, ఇంటికి ఆసరా. అందుకు వాళ్లు పడ్డ కష్టానికి చేతులెత్తి మొక్కాలి. అయితే అప్పటికి కూడా నగరంలోని మధ్యతరగతి మాత్రం టీవీ ముందే కూర్చుంది. పిల్లవాడు బరువులెత్తితే పొడుగు పెరగడని, ఆడపిల్ల ఎత్తితే పెళ్లి కాదని చెప్పే ఇళ్లే ఎక్కువ.

సైబరాబాద్ ఎత్తిన బరువు

సైబర్ టవర్స్‌తో హైటెక్ సిటీ పుట్టిన నాలుగైదేళ్లలోనే ఆ పక్కనే గచ్చిబౌలిలో క్రీడా సముదాయం లేచింది. 2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో-ఆసియా క్రీడలకు హైదరాబాద్ వేదికైంది. ఆఫ్రో-ఆసియా క్రీడల్లో ఆడించిన ఎనిమిది ఆటల్లో వెయిట్‌లిఫ్టింగ్ ఒకటి. ఆఫీసులు, స్టేడియాలు పక్కపక్కనే పెరిగాయి గాని, ఆఫీసులోని మనిషి స్టేడియంలోకి నడవడానికి చాలా ఏళ్లు పట్టింది.

రాష్ట్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2014లో తెలంగాణ ఐటీ ఉద్యోగులు దాదాపు 3.23 లక్షలు. 2023 నాటికి 9 లక్షలు దాటారు. వాళ్లలో చాలామంది మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టళ్లలో దిగి, మెస్సులో అన్నం సాంబారు తిని, రాత్రి అమెరికా కాల్స్ ముగించుకుని నిద్రపోయిన కుర్రాళ్లూ అమ్మాయిలే. ఈ బతుకు శరీరాన్ని ఏం చేసిందో గచ్చిబౌలిలోనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2025లో వెల్లడించారు. నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుంది, 71 శాతం మందికి ఊబకాయం ఉంది. రాళ్లు కొట్టిన కూలీ ఒళ్లు పని ఎక్కువై అరిగిపోయింది. అదే నేల మీద కోడు రాసే ఉద్యోగి ఒళ్లు పని లేక పాడవుతోంది.

మొదట ట్రెడ్‌మిల్ కోసం జిమ్‌కి వెళ్లినవాళ్లలో కొందరు క్రమంగా బార్ వైపు మళ్లారు. నడుం నొప్పి కోసం ఫిజియో దగ్గరికి వెళ్లి డెడ్‌లిఫ్ట్ నేర్చుకున్నవారున్నారు. ప్రసవం తర్వాత మళ్లీ ఒంట్లోకి శక్తి తెచ్చుకోవాలని వచ్చిన తల్లులున్నారు. కిందటి నెల 80 కిలోలు లేచిన చోట ఈ నెల 85 లేస్తే అందులో మేనేజర్ రేటింగ్ లేదు, అప్రైజల్ లేదు. వాళ్లను బార్ దగ్గర కట్టిపడేసింది ఆ స్పష్టతేనని నా అభిప్రాయం.

పోటీ రోజు

ఔత్సాహికుల మీట్ ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. పోటీకి రెండు గంటల ముందు బరువు తూచడం మొదలవుతుంది, గంటన్నరపాటు సాగుతుంది. ఆడవాళ్లను తలుపు మూసిన గదిలో మహిళా అధికారులే తూస్తారు. అంతకుముందే బెల్టు వెడల్పు 10 సెంటీమీటర్లు దాటలేదా, స్లీవ్స్ మందం 7 మిల్లీమీటర్లు దాటలేదా అని కొలిచి చూస్తారు. బరువు రాసుకోగానే అరటిపళ్లు, ఉప్పు కలిపిన నిమ్మరసం బయటికొస్తాయి. మొదటి ప్రయత్నానికి ఎంత అడగాలో చీటీ మీద రాసి ఇవ్వాలి.

63 కిలోల విభాగంలో తొలిసారి దిగిన ఒక ఉద్యోగిని ఊహించుకోండి. స్క్వాట్‌లో 85 కిలోలు సులువుగా లేచాయి, 92.5 కూడా లేచాయి. 97.5కి లేచి నిలబడింది గాని రెండు ఎర్ర లైట్లు వెలిగాయి. తుంటి కీలు దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కన్నా కిందికి దిగాలి. దిగలేదు. ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు తెల్ల లైటు ఇస్తేనే లిఫ్టు చెల్లుతుంది. ఇంత కష్టపడి లేపినా చెల్లలేదని తెలిసినప్పుడు ఆమె రిఫరీకి నమస్కారం పెట్టి పక్కకు వస్తుంది. ఆఫీసులో ఎన్ని మీటింగులు పెట్టినా రాని పాఠం అక్కడ ఒక్క నిమిషంలో వస్తుంది.

బెంచ్‌లో బార్‌ను ఛాతీకి ఆనించి, కదలకుండా ఆపి, రిఫరీ ప్రెస్ అన్నాకే పైకి నెట్టాలి. తొందరపడితే ఎర్ర లైటే. ఆమె 47.5 దగ్గర ఆగింది. చివర డెడ్‌లిఫ్ట్. బార్ రాసుకుని కాళ్లు దోక్కుపోకుండా మోకాళ్ల దాకా సాక్సు, తొడలకు పౌడరు, చేతులకు చాక్. మూడో ప్రయత్నానికి 120 అడిగింది. బార్ 20, రెండు కాలర్లు 5. మిగతా 95 కోసం లోడర్లు ఒక్కో వైపు ఎర్ర ప్లేటు 25, నీలం ప్లేటు 20, పైన రెండున్నర ఎక్కించారు. బార్ సిద్ధమని పిలిచాక ఒక నిమిషం లోపు మొదలుపెట్టాలి. మోకాళ్లు దాటేదాకా కదలదేమో అన్నంత నెమ్మదిగా కదిలింది. హాలంతా, అదే విభాగంలో ఆమెతో పోటీపడుతున్న అమ్మాయితో సహా, లే లే అని అరుస్తోంది. భుజాలు వెనక్కి వెళ్లాయి. రిఫరీ డౌన్ అన్నాడు. మూడు తెల్ల లైట్లు. మొత్తం 260 కిలోలు.

ఆమెకు పతకం రాకపోవచ్చు. ఆ 260 మాత్రం ఆమె సొంతం. ఈ ఆటలో ప్రత్యర్థికి వేసే కేకలు నిజమైనవి. ఎదుటివాళ్లు ఎక్కువ ఎత్తినందువల్ల మన లెక్క తగ్గదు. ఊరి రాయి దగ్గర ఉన్న ఆ సమూహ స్ఫూర్తి ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. దానికి రెండు కొత్త విషయాలు తోడయ్యాయి. ఒకటి, అందరికీ ఒకే నియమం. రెండు, ఆడవాళ్లు. ఊరి గుండు మగవాళ్ల సొత్తు. ఈ బార్ అందరిదీ. నలభై దాటినవాళ్లకు, యాభై, అరవై, డెబ్బై దాటినవాళ్లకు కూడా మాస్టర్స్ పేరుతో విడివిడి విభాగాలున్నాయి.

ఇకముందు

ఈ చరిత్రను ఇంతవరకూ తెచ్చాక కొన్ని మాటలు నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. బలం మీద మోజు పెరిగిన చోటికి దొడ్డిదారులు కూడా వస్తాయి. లేబుల్ లేని డబ్బాలు, ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్లు జిమ్‌లలో చేతులు మారుతున్నాయి. మత్స సంతోషికి దక్కాల్సిన పతకం రంగు మారడానికి కారణమైంది నిషేధిత మందులే. బహుమతి డబ్బు లేని ఔత్సాహిక పోటీలో మోసం చేసి గెలవడమంత వ్యర్థమైన పని ఇంకోటి లేదు. అలాగే బరువు తగ్గించుకుని కింది విభాగంలో దిగాలని నీళ్లు మానేసి నీరసపడే కొత్తవాళ్లు కనిపిస్తారు. మొదటి పోటీకి ఉన్న బరువుతోనే దిగడం మంచిది.

నిర్వాహకులు మీట్ పెట్టేటప్పుడు సరిగ్గా తూచిన ప్లేట్లు, అర్హత ఉన్న ముగ్గురు రిఫరీలు, బరువు జారితే పట్టుకునే నేర్పున్న స్పాటర్లు, అందుబాటులో డాక్టరు, ఆడవాళ్లకు విడి గది ఉండేలా చూడాలి. ఇవి లేకుండా లైట్లు, డీజే ఎన్ని పెట్టినా అది పోటీ కాదు. ఏటా ఉద్యోగుల మారథాన్లకు టీ షర్టులు పంచే కంపెనీలు ఏడాదికి ఒక రోజు తమ హాలును ఒక పవర్‌లిఫ్టింగ్ పోటీకి ఇస్తే ఖర్చు పెద్దగా కాదు. ఆ వేదిక మీదికి శ్రీకాకుళం నుంచి, మంగళగిరి నుంచి లిఫ్టర్లను, కోచ్‌లను అతిథులుగా పిలిస్తే ఇంకా మంచిది. ఈ విద్యను దశాబ్దాలపాటు కాపాడింది వాళ్లే. నగరం వాళ్లకు బాకీ ఉంది.

ఇక మీతో ఒక మాట. పెద్దవాళ్లు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ రెండు రోజులతోనే మొదలుపెట్టండి. తెలిసిన కోచ్ దగ్గర ఖాళీ బార్‌తో పద్ధతి నేర్చుకోండి. గుండె జబ్బో, రక్తపోటో, పాత దెబ్బో ఉంటే ముందు డాక్టరుని అడగండి. ఆరు నెలలు ఓపిక పట్టాక మీకు దగ్గర్లో జరిగే చిన్న మీట్‌కి పేరు ఇవ్వండి. ఎంత ఎత్తుతారన్నది ముఖ్యం కాదు. కచ్చితంగా లేస్తుందనుకున్న బరువుతో మొదలుపెట్టి, మూడు లిఫ్టుల్లో మూడేసి చొప్పున తొమ్మిది ప్రయత్నాలూ నియమం ప్రకారం పూర్తిచేసి రండి.